రైతు భరోసా పడుతోంది, పీఎం కిసాన్ ఆగింది: 'ల్యాండ్ సీడింగ్ నో' అంటే ఎవరి దగ్గరికి పోవాలి?

దేవరకొండ_సాగు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లా దేవరకొండ దగ్గర తండా మాది. నాన్న పేరు మీద 2 ఎకరాల 10 గుంటల పట్టా భూమి ఉంది. రైతు భరోసా ఎకరాకు 6,000 లెక్కన 13,500 రూపాయలు ఖాతాలో పడుతోంది. పీఎం కిసాన్ మాత్రం మొదట్లో సక్రమంగా వచ్చి తర్వాత ఆగింది. పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి చూస్తే ఈ-కేవైసీ యెస్, ఆధార్ బ్యాంక్ సీడింగ్ యెస్, ల్యాండ్ సీడింగ్ నో అని చూపిస్తోంది.

బ్యాంకులో మా వైపు అంతా బాగుందన్నారు. మీసేవలో ఈ-కేవైసీ మళ్లీ చేయించమన్నారు. ఇంకొకచోట అది కేంద్రం సైట్, మా చేతుల్లో లేదన్నారు. నాకు తెలియాల్సినవి ఇవి: ఒకే పాస్‌బుక్‌ను రాష్ట్రం ఒప్పుకుంటే కేంద్రం ఎందుకు ఒప్పుకోదు? ల్యాండ్ సీడింగ్ చేయాల్సింది ఎవరు? 2021లో తాత మా అమ్మకు గిఫ్ట్ డీడ్ చేసిన ఎకరం ఉంది, దానికి అమ్మ పేరున వేరే దరఖాస్తు పెట్టొచ్చా? ఫార్మర్ రిజిస్ట్రీ (కొత్తగా రైతులకు నంబర్ ఇచ్చే నమోదు) చేయించుకుంటే ఇవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయా?

పొలం_లెక్కలు

దేవరకొండ అన్నా, మీ స్టేటస్ పేజీయే సగం జవాబు చెప్పింది. ఆ మూడు గడులు మూడు వేర్వేరు చేతుల్లో ఉంటాయి. ఈ-కేవైసీ ఆధార్‌తో సరిచూసేది, రైతు తనే చేసుకోవాలి. బ్యాంక్ సీడింగ్ అంటే ఆధార్‌ను ఖాతాకు కలపడం, అది బ్యాంకు, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) కలిసి చూసేది. ల్యాండ్ సీడింగ్, అంటే రైతు పేరును భూమి రికార్డుతో కలపడం, పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వ పని. మీది ఆగింది ఈ మూడో దగ్గరే కాబట్టి బ్యాంకుకూ మీసేవకూ తిరగడం వల్ల ఏమీ కదలదు. ఈ-కేవైసీ ఎన్నిసార్లు చేసినా ల్యాండ్ సీడింగ్ గడి మారదు.

పీఎం కిసాన్‌లో డబ్బు మొత్తం కేంద్రానిది. ఏడాదికి 6,000, మూడు విడతల్లో. కానీ ఎవరు రైతు, ఎవరి పేరున భూమి ఉంది అని తేల్చి చెప్పే బాధ్యత పథకం మొదలైన 2019 ఫిబ్రవరి నుంచీ రాష్ట్రానిదే. భూమి రికార్డు రాష్ట్రం దగ్గరే ఉంటుంది కదా. రాష్ట్రం సరిచూసి 'ఈ రైతులకు చెల్లించండి' అని సంతకం చేసి పంపుతుంది. స్టేటస్‌లో 'ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్' అని వచ్చేది దానికే. ఆ తర్వాత 'ఎఫ్‌టీఓ జనరేటెడ్' అని వస్తే చెల్లింపు ఉత్తర్వు తయారైందన్నమాట. 'వెయిటింగ్ ఫర్ అప్రూవల్ బై స్టేట్' అని ఉంటే మాత్రం దరఖాస్తు ఇంకా రాష్ట్రం దగ్గరే ఉంది, ఢిల్లీకి ఫోన్ చేసి లాభం లేదు.

ఇక ఒకే పాస్‌బుక్ సంగతి. రైతు భరోసాకు రెవెన్యూ నుంచి పట్టాదారుల జాబితా వ్యవసాయ శాఖకు వస్తుంది. రికార్డు, డబ్బు, మనుషులు అన్నీ రాష్ట్రానివే. పీఎం కిసాన్‌లో రైతు వివరాలు వేరే డేటాబేస్‌లో ఉంటాయి. 2019లో ఎక్కించినవి చాలా ఉన్నాయి. అప్పటికి ధరణి (రాష్ట్ర భూ రికార్డుల పోర్టల్) లేదు, అది వచ్చింది 2020 అక్టోబరు 29న. ఇప్పుడు దాని స్థానంలో భూభారతి. మధ్యలో ఖాతా నంబర్లు మారాయి, సర్వే నంబర్లు ముక్కలయ్యాయి. పాత ఎంట్రీని కొత్త రికార్డుతో కలపడమే ల్యాండ్ సీడింగ్. కలవకపోతే నో.

మన దిక్కు కలవకపోవడానికి నేను గట్టిగా అనుమానించే చోట్లు చెప్తాను. పాస్‌బుక్‌లో సర్వే నంబరు చివర అ, ఆ, ఇ అని ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించేటప్పుడు అ, ఆ రెండింటికీ ఒకే 'ఏ' కొడితే 87/ఆ కాస్తా 87/అ అయిపోతుంది, అంటే పక్క రైతు భూమి. రెండోది ఆధార్. పట్టాదారు రికార్డుకు ఆధార్ అనుసంధానం కాకపోయినా, ఒక అంకె తప్పు పడినా పేరు ఒకటే అయి కూడా మనిషి దొరకడు. మూడోది డిజిటల్ సంతకం పెండింగ్‌లో ఉన్న ఖాతాలు. నాలుగోది మీలాంటి తండాల సమస్య. 2018లో తండాలు వేరే పంచాయతీలయ్యాయి గానీ భూమి రికార్డు పాత రెవెన్యూ గ్రామం కిందే ఉండిపోయింది. పీఎం కిసాన్‌లో ఊరి పేరు దగ్గర తండా పేరు ఎంచుకుని ఉంటే, ఆ ఊరి పహాణీలో మీ నాన్న పేరు వెతికితే ఎట్లా దొరుకుతుంది?

నారాయణపేట వాళ్లు ఒకటి గమనించండి. ఆ జిల్లా ఏర్పడింది 2019 ఫిబ్రవరి 17న, పీఎం కిసాన్ మొదలైంది అదే నెల 24న. కాబట్టి అప్పటి ఎంట్రీల్లో పాత జిల్లా పేరే ఉండిపోయి ఉండొచ్చు. స్టేటస్ పేజీలో జిల్లా, మండలం ఏవి చూపిస్తున్నాయో తప్పకుండా చూసుకోండి.

మీరు పోవాల్సింది మీ క్లస్టర్ రైతు వేదికలో ఉండే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరికి. అక్కడ పని కాకపోతే మండల వ్యవసాయ అధికారి. పీఎం కిసాన్‌లో మీ పేరు కింద ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం ఎక్కిందో శాఖ లాగిన్‌లో చూడగలరు, మీకు పోర్టల్‌లో అవి సరిదిద్దే వీలు లేదు. పాస్‌బుక్ జిరాక్స్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, స్టేటస్ పేజీ ప్రింటు పట్టుకుపోండి. 'మా డబ్బులు రావట్లేదు' అని కాకుండా 'రిజిస్ట్రేషన్ నంబర్ ఇది, ల్యాండ్ సీడింగ్ నో ఉంది, పాస్‌బుక్ ప్రకారం సర్వే నంబరు ఇది, రెవెన్యూ గ్రామం ఇది, సరిచేయగలరు' అని నాలుగు లైన్లు రాసివ్వండి. రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి.

కల్వకుర్తి_ఆన్‌లైన్

పైన చెప్పిందంతా కరెక్టే. బ్యాంకు, ఈ-కేవైసీ వైపు నుంచి కొన్ని కలుపుతాను, ఎందుకంటే మూడు గడుల్లో యెస్ ఉన్నా డబ్బు కనపడని వాళ్లు కూడా ఈ థ్రెడ్ చదువుతారు.

మీసేవ రాష్ట్రానిది, సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్) కేంద్రానిది. మన ఊళ్లలో ఒకే దుకాణానికి రెండు బోర్డులూ ఉంటాయి కాబట్టి జనం తేడా పట్టించుకోరు. వేలిముద్రతో పీఎం కిసాన్ ఈ-కేవైసీ సీఎస్‌సీ లాగిన్‌లో జరుగుతుంది, దానికి రుసుం 15 రూపాయలు. ఆధార్‌కు ఫోన్ నంబర్ లింకై ఉంటే పోర్టల్‌లో ఓటీపీతో ఉచితంగా మీరే చేసుకోవచ్చు. వేలిముద్ర పడని పెద్దవాళ్లకు 2023 జూన్ నుంచి పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది. ఒక రైతు తన ఫోన్‌లోని యాప్‌తో ఇంకో 100 మంది రైతులకు చేసిపెట్టొచ్చు, కాబట్టి ఊళ్లో చదువుకున్న పిల్లలు ఎవరైనా చేయగలరు. పగటి వెలుతురులో, వెనక గోడ ఉండేటట్టు కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీసేసి కన్ను ఆర్పమంటే తొందరగా తీసుకుంటుంది. స్టేటస్‌లో వెంటనే మారకపోతే ఒక రోజు ఆగి చూడండి, మళ్లీ మళ్లీ చేయకండి.

బ్యాంకు విషయంలో అసలు కిటుకు ఇది. రైతు భరోసా మీరు ఏఈఓకు ఇచ్చిన ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చూసి వస్తుంది. పీఎం కిసాన్ ఖాతా నంబరు చూడదు, ఆధార్ నంబరు చూసి వస్తుంది. ఆధార్‌కు ఎన్నో ఖాతాలు లింకై ఉండొచ్చు గానీ ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అని చూపే జాబితాలో, ఒకేసారి ఒక్క బ్యాంకే ఉంటుంది, చివరగా సీడింగ్ చేసిన బ్యాంకు. ఎప్పుడో సిమ్ తీసుకుంటూ తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాకో, ఉపాధి హామీ కోసం తెరిచిన పోస్టాఫీసు ఖాతాకో సీడింగ్ పోయి ఉంటే పీఎం కిసాన్ అక్కడ పడుతూ ఉంటుంది, రైతేమో గ్రామీణ బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీ చేయించి చూస్తుంటాడు. బ్యాంకులో 'ఆధార్ లింకు ఉందా' అని అడిగితే ఉందనే అంటారు. 'ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో మీ బ్యాంకే యాక్టివ్‌గా ఉందా' అని అడగాలి. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే బ్యాంకు పేరు, యాక్టివా ఇనాక్టివా కనిపిస్తుంది. మామూలు ఫోన్ అయితే *99*99*1# కొట్టి చూడండి.

ఇంకొకటి. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలామంది ఖాతాలు ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు)వి. ఆ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. రైతు భరోసా కోసం ఏఈఓ దగ్గర పాత వివరాలే ఉన్నాయేమో చూసుకోండి. పీఎం కిసాన్ కోసం మ్యాపర్‌లో కొత్త బ్యాంకు పేరు యాక్టివ్‌గా ఉందో చూసుకోండి. ఒకటి సరిచేస్తే రెండోది దానంతటదే సరికాదు.

రెవెన్యూ_నోట్

మూడో ప్రశ్నకు జవాబు: మీ అమ్మగారి పేరున దరఖాస్తు పెట్టకండి. పెడితే ఉన్నది కూడా పోయే ప్రమాదం ఉంది.

రైతు భరోసా పట్టాదారును చూస్తుంది, పీఎం కిసాన్ కుటుంబాన్ని చూస్తుంది. కుటుంబం అంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. ఇంట్లో ఎన్ని పాస్‌బుక్‌లు ఉన్నా, భూమి ఎన్ని ఊళ్లలో ఉన్నా ఒక్కరికే 6,000. మక్తల్ వైపు కొందరికి కర్ణాటకలో కూడా భూమి ఉంటుంది, అక్కడొకటి ఇక్కడొకటి తీసుకోకూడదు.

రెండోది కటాఫ్. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉందో వారే అర్హులు. తర్వాత కొనుగోలు, గిఫ్ట్, భాగ పంపకం ద్వారా వచ్చిన భూమికి వర్తించదు. పట్టాదారు చనిపోయి విరాసత్ (వారసత్వం) ద్వారా వచ్చినదానికి మాత్రమే మినహాయింపు. ధరణి వచ్చాక తండ్రులు బతికుండగానే కొడుకుల పేరున గిఫ్ట్ చేసిన కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. కొడుక్కి రైతు భరోసా వస్తుంది, పీఎం కిసాన్ రాదు. తండ్రి పేరున భూమి లేదు కాబట్టి ఆయనకు వచ్చేదీ ఆగుతుంది. పొలం దున్నేది అదే కుటుంబం, కానీ మొత్తానికే తెగిపోతుంది. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. మార్చాల్సింది కేంద్రం నిబంధన, మండల ఆఫీసులో ఎవరూ మార్చలేరు.

2025 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఈ రెండు రకాల కేసులనే, అంటే 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి వచ్చినవాళ్లనూ ఒకే కుటుంబంలో ఒకరికంటే ఎక్కువ మంది తీసుకుంటున్నవాళ్లనూ అనుమానిత జాబితాలో పెట్టి, భౌతిక పరిశీలన అయ్యేదాకా చెల్లింపు ఆపింది. ఆ పరిశీలన చేయాల్సింది మళ్లీ మన రాష్ట్ర సిబ్బందే. అందుకే అమ్మగారి దరఖాస్తు వద్దంటున్నాను.

విరాసత్ కేసులకు ఒక మాట. కొత్త రిజిస్ట్రేషన్ ఫారంలో భూమి ఎప్పుడు వచ్చింది అన్నచోట '2019 ఫిబ్రవరి 1 తర్వాత' అని పెట్టి ఊరుకుంటే తిరస్కరిస్తారు. కారణం దగ్గర మరణం వల్ల వారసత్వం అని ఎంచుకుని, మ్యుటేషన్ తేదీ వేసి, మరణ ధ్రువీకరణ పత్రం జతచేయాలి. చనిపోయినవారి పేరున వచ్చే విడతను ఆపించడం కూడా మీ బాధ్యతే, లేకపోతే తర్వాత రికవరీ పడుతుంది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లు పాస్‌బుక్ నంబర్ గడిలో కాకుండా పట్టా లేదా ఆర్‌ఎఫ్‌ఏ నంబర్ గడిలో నింపాలి.

పాలమూరు_పెద్దమనిషి

తమ్మీ, కాగితం ఇచ్చి ఊకుంటే పని కాదు. కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌ల పెట్టు. 21 రోజులల్ల జవాబియ్యాలె అని లెక్క ఉన్నది. పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261కు గూడ ఫోన్ చెయ్యి.

పొలం_లెక్కలు

పెద్దన్నా, ల్యాండ్ సీడింగ్ విషయంలో మీతో కొంచెం విభేదిస్తాను. సీపీగ్రామ్స్‌లో పెడితే ఢిల్లీలో తీసుకుంటారు, రాష్ట్ర నోడల్ అధికారికి పంపుతారు, అక్కణ్నుంచి జిల్లా వ్యవసాయ అధికారికి, చివరికి అదే ఏఈఓ చేతికి వస్తుంది. 'రాష్ట్రాన్ని సంప్రదించండి' అని రాసి మూసేసినా గడువులోపు జవాబిచ్చినట్టే. ల్యాండ్ సీడింగ్‌కు ముందు ఏఈఓ, తర్వాత మండల అధికారి, అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి. అక్కడ వ్యవసాయ శాఖ, రెవెన్యూ రెండూ ఒకే గదిలో ఉంటాయి. తప్పు రికార్డులో ఉందా, ఎంట్రీలో ఉందా అన్నది అక్కడే తేల్చొచ్చు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకునే అవకాశం తక్కువ. ఆర్‌ఎఫ్‌టీ సంతకం అయి, ఎఫ్‌టీఓ వచ్చి, డబ్బు మాత్రం రాకపోతే అప్పుడు సీపీగ్రామ్స్ సరైన దారి, ఎందుకంటే అప్పటికి బంతి కేంద్రం కోర్టులో ఉంది.

పాలమూరు_పెద్దమనిషి

నువ్వన్నది నిజమే. మరి గట్ల అయితే ప్రజావాణిల ఇచ్చిన దరఖాస్తు నంబరు గూడ పైలంగ పెట్టుకోవాలె. నంబర్ లేకుంటే తర్వాత ఎవ్వడు గుర్తువట్టడు.

దేవరకొండ_సాగు

చాలా కృతజ్ఞతలు. స్టేటస్ పేజీలో ఊరు తండా పేరే ఉంది. పాస్‌బుక్‌లో రెవెన్యూ గ్రామం వేరు. అమ్మ దరఖాస్తు ఆలోచన మానేశాం. ఫార్మర్ రిజిస్ట్రీ ముందు చేయించాలా, ల్యాండ్ సీడింగ్ ముందు సరిచేయించాలా? ఆగిపోయిన విడతలు తర్వాత వస్తాయా?

పొలం_లెక్కలు

అయితే మీది దాదాపుగా తండా సమస్యే. దరఖాస్తులో రెవెన్యూ గ్రామం పేరు పెద్దగా రాయండి, పాస్‌బుక్‌లో ఆ పేరున్న పేజీ జిరాక్స్ పెట్టండి.

ఫార్మర్ రిజిస్ట్రీ గురించి. ఇది కేంద్రం 2024 సెప్టెంబరులో ఆమోదించిన డిజిటల్ అగ్రికల్చర్ మిషన్‌లో భాగం. మన రాష్ట్రంలో 2025 మేలో నమోదు మొదలైంది. రైతుకు 11 అంకెల నంబర్ ఇస్తారు. ఏఈఓ దగ్గరికి ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, ఆధార్‌కు లింకైన ఫోన్ పట్టుకుపోవాలి. ఓటీపీ చెప్పాలి కాబట్టి ఫోన్ చేతిలో ఉన్న మనిషి పక్కనే ఉండాలి. ఈ నంబర్ భూమి హక్కు పత్రం కాదు, దాని వల్ల పట్టా మారదు, పోదు. ఆ భయంతో ఆగినవాళ్లకు ఇది చెప్పండి.

ఇందులో నాకు నచ్చింది ఏమిటంటే, భూమి వివరాలు చేత్తో కొట్టే పని ఉండదు, రాష్ట్ర భూ రికార్డు నుంచి వస్తాయి. 2019లోనే రెండు ప్రభుత్వాలూ ఇలా ఒకే రికార్డును చూసి ఉంటే ఈ థ్రెడ్ అవసరమే ఉండేది కాదు. రెండు చోట్లా ఉన్న సమాచారాన్నే జిరాక్స్ తీసి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మోసే పని ముసలి రైతు మీద పడటం ఎంత మాత్రం సరికాదు. కానీ రిజిస్ట్రీ తప్పును సరిదిద్దదు, ఉన్నదాన్నే తెచ్చుకుంటుంది. భూభారతిలో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే అక్కడా ఇబ్బందే. పాస్‌బుక్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉండటం చాలా మామూలు. ఏది తప్పైతే దాన్నే మార్చుకోండి. పాస్‌బుక్ తప్పైతే భూభారతిలో సవరణకు దరఖాస్తు, ఆధార్ తప్పైతే ఆధార్ కేంద్రం, అక్కడ పేరు మార్పుకు 2025 అక్టోబరు నుంచి 75 రూపాయలు. రెండూ ఒకేసారి మార్చబోతే మధ్యలో ఏదీ దేనితోనూ కలవదు, బ్యాంకు సీడింగ్ కూడా చెడే వీలుంది. సవరణ పూర్తయ్యాక పీఎం కిసాన్ పోర్టల్‌లో 'ఆధార్ ప్రకారం పేరు సవరణ' అనే మీట ఉంది, దాన్ని నొక్కి అక్కడా సరిచేసుకోవాలి.

కాబట్టి మీ విషయంలో: నాన్న పేరు రెండింటిలో ఒకేలా ఉంటే రిజిస్ట్రీ, ల్యాండ్ సీడింగ్ దరఖాస్తు ఒకే రోజు ఏఈఓ దగ్గర ముగించేయండి. ఒకదాని కోసం ఇంకొకటి ఆపక్కర్లేదు. నమోదు మొదలైన 2025లో రైతు భరోసాకు రిజిస్ట్రీతో సంబంధం లేదని రాష్ట్రం చెప్పింది. అది వస్తోంది కదా అని పీఎం కిసాన్ కోసం రిజిస్ట్రీని వాయిదా వేయొద్దు.

విడతలు ఏప్రిల్ నుంచి జులై, ఆగస్టు నుంచి నవంబరు, డిసెంబరు నుంచి మార్చి లెక్కన నడుస్తాయి. పాత రిజిస్ట్రేషన్ ఉండి, సీడింగ్ లేకనో ఈ-కేవైసీ లేకనో ఆగినవాళ్లకు, అవి పూర్తయ్యాక రావాల్సిన విడతలు కలిపి ఇస్తామని కేంద్రం చెప్పింది. అందుకే ఎవరైనా 'పాతది తీసేసి కొత్తగా రిజిస్ట్రేషన్ చేద్దాం' అంటే ఒప్పుకోకండి. కొత్తది చేస్తే పాత విడతల మీద ఆశ వదులుకోవాల్సిందే. పోర్టల్‌లో స్వచ్ఛందంగా వదులుకునే మీట కూడా ఉంది, దాని జోలికి అసలు పోవద్దు.

కల్వకుర్తి_ఆన్‌లైన్

ఒక హెచ్చరిక పెట్టి పోతాను. విడత విడుదలయ్యే ముందు వాట్సాప్ గ్రూపుల్లో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) తిరుగుతాయి. 'ల్యాండ్ సీడింగ్ ఇక్కడ అప్‌డేట్ చేసుకోండి' అని ఉంటుంది. ల్యాండ్ సీడింగ్ రైతు ఫోన్‌లో జరిగే పనే కాదని పైన చదివారు కదా, ఆ ఒక్క ముక్క చాలు అది మోసమని తెలియడానికి. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే తీసుకోండి. పొరపాటున ఫైల్ నొక్కితే వెంటనే ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు కాల్ చేసి, బ్యాంకు ఖాతా ఆపించండి. దేవరకొండ అన్నా, మీ తండా గ్రూపులో కూడా ఇది వేయండి.